కాయ పండేదాకా: పిల్లలతో ఆడే వీడియో గేముల కోసం ఒక వేసవి డైరీ

ఏప్రిల్ 24, గురువారం

బడికి సెలవులు ఇవ్వాళ మొదలయ్యాయి. ప్రాజెక్టు కూడా ఇవ్వాళే మొదలు.

కారణం ముందు రాసిపెట్టుకోవాలి. పోయిన ఆదివారం ఒక పెళ్ళిలో చిన్ని విసిగిస్తుంటే నా ఫోన్ చేతికిచ్చాను. బొమ్మలకు రంగులు వేసే ఆట. ఉచితంగా దొరికింది, 3+ అని రాసి ఉంది. పది నిమిషాల తరవాత వచ్చి, "అమ్మా, ఈ అంకుల్‌కు గన్ని పైసలు ఎందుకు వస్తున్నయ్?" అని అడిగింది. చూస్తే ఆన్‌లైన్ రమ్మీ యాడ్. తెలంగాణలో 2017 నుంచే నిషేధం ఉన్న ఆట. ఏనుగు తొండానికి రంగు వేసి, చెవులకు వేయబోయే లోపు ఆ యాడ్ ఐదున్నరేళ్ళ పిల్ల ముందుకు వచ్చి కూర్చుంది. ఆ రంగుల ఆటను ఫోన్‌లోకి దించింది నేనే. పేరు చూశాను, బొమ్మ చూశాను, పక్కన ఉన్న నంబర్ చూశాను. ఆట మాత్రం చూడలేదు.

జూన్ 12న బళ్ళు తెరుస్తారు. ఆలోపు మా ఇంట్లో పిల్లలు ఆడే ప్రతి గేమ్‌ను ముందు నేను ఆడి చూడాలి, తరవాత వాళ్ళ పక్కన కూర్చుని ఆడాలి. ఉండాలో పోవాలో అప్పుడు తేల్చాలి. ఫోన్ చేతిలో పెట్టి మన పని చూసుకోవడం మాత్రం ఇక లేదు.

ఆడేవాళ్ళు: చిన్ని, ఒకటో తరగతికి వెళ్ళబోతోంది, ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుంటుంది. బంటి, మా బావగారి కొడుకు, ఎనిమిదేళ్ళు, సెలవులకు కరీంనగర్ నుంచి వచ్చాడు. అత్తమ్మ, నేను. మా ఆయన రాత్రి డ్యూటీ లేని రోజుల్లో. సామాను: ఒక పది అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్, హాల్లో టీవీ. మా తమ్ముడు వచ్చే నెల డల్లాస్ నుంచి వస్తూ తన పాత నింటెండో స్విచ్, టీవీకి తగిలించి ఆడే గేముల మెషిన్, తెస్తానన్నాడు.

ఏప్రిల్ 26

రెండు రాత్రులు ఈ వయసు నంబర్ల సంగతే చదివాను.

అమెరికాలో గేములకు వయసు గుర్తులిచ్చే ఈఎస్ఆర్‌బీ అనే సంస్థ 1994లో పుట్టింది. అంతకు ముందటి డిసెంబర్‌లో, ‘మోర్టల్ కాంబాట్’ లాంటి గేముల్లో నెత్తురు చూసి అక్కడి సెనేట్‌లో విచారణ జరిగింది. ప్రభుత్వం చట్టం తెచ్చేలోపు గేముల కంపెనీలే తమంతట తాము ఈ ఏర్పాటు చేసుకున్నాయి. యూరప్‌లో 2003లో అలాంటిదే పెగీ వచ్చింది. మన ఫోన్లలో ప్లే స్టోర్ చూపించే 3+, 7+, 12+ నంబర్లు మాత్రం ఐఏఆర్‌సీ అనే మరో పద్ధతిలో వస్తాయి. గేమ్ తయారుచేసినవాళ్ళు ఒక ప్రశ్నపత్రం నింపుతారు. రక్తం ఉందా, బూతులున్నాయా, జూదం ఉందా, ఆడేవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చా, ఇలాంటివి. ఆ జవాబులను బట్టి ఒక్కో ప్రాంతానికి ఒక్కో నంబర్ తయారవుతుంది. అవన్నీ ఆట లోపలి సంగతులు. ఆట మధ్యలో దూరే యాడ్ ఆ పూటకు ఎక్కడినుంచో వస్తుంది.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది పెగీ వాళ్ళు తమ గురించి తాము చెప్పే ఒక్క మాట. ఆటలోని విషయం ఆ వయసుకు తగునా కాదా అన్నదే వాళ్ళు చూస్తారు, ఆట కష్టమా సులువా అన్నది చూడరు. చదరంగం యాప్‌కు కూడా 3+ ఉంటుంది. అంటే 3+ అన్నది "మూడేళ్ళ పిల్ల కంటబడినా ఫరవాలేదు" అని చెబుతుంది. మూడేళ్ళ పిల్ల ఆడగలదని గానీ, ఆడితే బాగుంటుందని గానీ చెప్పదు. నేను ఇన్నాళ్ళూ ఈ రెండిటినీ ఒకటే అనుకున్నాను.

ఎంతసేపు అన్నదానికి మన పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పిన లెక్క తీసుకున్నాను. రెండేళ్ళ లోపు పిల్లలకు తెర అసలే వద్దు. రెండు నుంచి ఐదేళ్ళ దాకా రోజుకు గంటకు మించొద్దు. ఐదు నుంచి పదేళ్ళ దాకా రెండు గంటల లోపు. టీవీ, ఫోన్ అన్నీ కలిపి ఆ గంటలు. మా ఇంట్లో గేములకు నలభై నిమిషాలు చాలు అనుకున్నాం. మిగిలింది టీవీకి పోతుంది, ఆ సంగతి నాకు తెలుసు.

ఏప్రిల్ 29

జల్లెడ పట్టడం మొదలైంది. పిల్లలు పడుకున్నాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి.

మొదట ట్యాబ్‌లో ఇంటర్నెట్ ఉంచే ఆడాను, పిల్లకు కనబడేదే నాకూ కనబడాలని. ఒక్కో ఆట ఇరవై నిమిషాలు, పక్కన నోటుబుక్కు. మొదటి యాడ్ ఎన్నో నిమిషంలో వచ్చింది, దాన్ని మూసే గుర్తు చిన్న వేలికి అందేలా ఉందా, పైసలు అడిగే గుండీ ఎక్కడ పెట్టారు. ఆ తరవాత అదే ఆట ఏరోప్లేన్ మోడ్‌లో. ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకోనే తెరుచుకోని బొమ్మల ఆటలు ఉన్నాయని ఇవ్వాళే తెలిసింది. కుక్కపిల్లకు స్నానం చేయించడానికి ఇంటర్నెట్ ఎందుకో నాకు అర్థం కాలేదు.

మూడు రాత్రుల్లో పద్నాలుగు ఆటలు చూశాను. పదకొండు తీసేశాను. వాటిలో ఒక్కదాంట్లో కూడా రక్తం లేదు, బూతు లేదు. అన్నీ నంబర్ ప్రకారం సరైనవే. ఒకదాంట్లో పెట్టె తెరిస్తే బహుమతి, రెండో పెట్టె తెరవాలంటే యాడ్ చూడాలి. ఇంకోదాంట్లో పిల్లి ఆకలితో ఏడుస్తుంటుంది, దాని తిండి కొనాలంటే నిజం డబ్బులు పెట్టాలి. పెద్దవాళ్ళం, అది బొమ్మ పిల్లి అని మనకు తెలుసు. చిన్నికి ఆ ఏడుపు నిజం. పిల్లల జాలిని అమ్ముకునే ఆట మీద ఏ నంబర్ ఉన్నా నాకు ఒకటే.

ఇన్‌స్టాల్ చేయకముందే పేరు కింద "యాడ్లు ఉన్నాయి", "యాప్‌లో కొనుగోళ్ళు ఉన్నాయి" అని చిన్న అక్షరాలతో ప్లే స్టోర్ రాస్తుంది. ఆ రెండు మాటలూ వయసు నంబర్ కంటే ముందు చదవాలి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి పేరెంటల్ కంట్రోల్స్‌కు పిన్ పెట్టాను, ఏది కొనాలన్నా పాస్‌వర్డ్ అడిగేలా మార్చాను. ఐదు నిమిషాల పని. పెళ్ళికి ముందే చేయాల్సింది.

మే 3

మిగిలిన మూడింట్లో ఖాన్ అకాడమీ కిడ్స్ ఒకటి. డబ్బులు లేవు, యాడ్లు లేవు, రెండు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం చేసింది. శుభ్రంగా ఉంది. చిన్నికి నచ్చింది, రోజూ పది నిమిషాలు ఆడుతోంది. తెలుగు లేదు. కలిసి ఆడడానికి నాకు దాంట్లో పెద్ద పనేమీ లేదు, పక్కన కూర్చుని చూడడమే. ఉంచాను.

మే 6

తమ్ముడు వచ్చాడు, స్విచ్ వచ్చింది. అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది కాబట్టి మన కరెంటుకు భయం లేదు. అమెరికా పిన్ను మన ప్లగ్గులో పట్టడానికి బజారులో చిన్న ముక్క కొన్నాం, అంతే.

ఆటల కార్ట్రిడ్జులు బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దవి. చిన్ని మూడేళ్ళప్పుడు బటన్ సెల్ నోట్లో పెట్టుకున్న రోజు గుర్తొచ్చి నా గుండె ఝల్లుమంది. తమ్ముడు చెప్పాడు, పిల్లలు మింగకుండా వాటికి కంపెనీవాళ్ళే చేదు మందు పూస్తారని. నాలుక కొసకు తగిలించి చూశాను. కాకరకాయ దీని ముందు తీపి, పూట దాకా పోలేదు. అయినా డబ్బా పై అల్మారాలోనే పెట్టాను.

డబ్బాలో మూడున్నాయి: మారియో కార్ట్ 8 డీలక్స్, సూపర్ మారియో ఒడిస్సీ, సూపర్ మారియో బ్రదర్స్ వండర్. ‘ఇట్ టేక్స్ టూ’ కూడా దించి పెట్టాడు, "అక్కా, ఇద్దరే ఆడాలి, బొమ్మలు ఎంత ముద్దుగుంటయో చూడు" అని. నిజంగా ముద్దుగా ఉంది. కానీ ఈఎస్ఆర్‌బీ దానికి టీ, అంటే టీనేజ్ పిల్లలకు అని ఇచ్చింది, పెగీ 12 ఇచ్చింది. కథేమో విడాకులు తీసుకోబోయే అమ్మానాన్నలది. మా ఆయనా నేనూ ఆడుకుంటాం. పిల్లలకు కాదు.

మే 9

కార్ల పందెం ఆట మారియో కార్ట్, నాలుగో రోజు. దీని గురించి వివరంగా రాయాలి.

స్విచ్‌కు ఉన్న రెండు చిన్న కంట్రోలర్లు విడదీసి తలా ఒకటి అడ్డంగా పట్టుకోవచ్చు. చిన్ని చేతికి అచ్చం సరిపోయింది. మొదటి రోజు కారు గోడకు గుద్దుకుంటూనే ఉంది. "నాకు వస్తలేదు" అని రెండో పందెంలోనే కంట్రోలర్ కింద పెట్టేసింది. ఆ రాత్రి నేను ఒక్కదాన్నే కూర్చుని వెతికాను. కారు ఎంచుకునే చోట ప్లస్ గుండీ నొక్కితే ఒక చిన్న మెనూ వస్తుంది. అందులో స్మార్ట్ స్టీరింగ్ పెడితే కారు దారి దాటి పడిపోదు, ఆటో యాక్సిలరేట్ పెడితే ముందుకు పోవడానికి గుండీ నొక్కి పట్టుకోనక్కర్లేదు. ఒక్కొక్కరికి విడివిడిగా పెట్టొచ్చు. చిన్నికి రెండూ పెట్టాను, బంటికి ఏదీ పెట్టలేదు. వేగం అన్నిటికంటే తక్కువది, 50 సీసీ.

మర్నాడు చిన్ని తొమ్మిదో స్థానంలో వచ్చింది. గంతులేసింది. తానే తోలిందనుకుంది, నిజంగా తానే తోలింది కూడా. మలుపులు తిప్పింది, అరటిపండు తొక్క వేసి బంటి కారును జార్చింది. సాయం పెట్టిన కారుకు వెనక చిన్న యాంటెన్నా ఉంటుంది, అది చూసి బంటి అడిగాడు, "చిన్నమ్మా, దానికెందుకు ఉన్నది, నాకెందుకు లేదు?" ఉన్నదున్నట్టు చెప్పాను. చెల్లె చేతులు చిన్నవి, అందుకు సాయం పెట్టాను, నువ్వు సైకిల్ నేర్చుకునేటప్పుడు పక్క చక్రాలు పెట్టుకోలేదా అని. ఒప్పుకున్నాడు. ఆ సాయం ఉంటే కొన్ని అడ్డదారులు మూసుకుపోతాయని తెలిశాక పూర్తిగా ఒప్పుకున్నాడు.

ఇవ్వాళ అత్తమ్మ కూడా కూర్చుంది. చిన్నికి పెట్టినట్టే ఆమెకూ సాయం పెట్టాను. అత్తమ్మ అష్టాచెమ్మలో ఇప్పటికీ మా అందరినీ ఓడిస్తుంది, గవ్వలు ఆమె మాట వింటాయి. మూడో చుట్టు పూర్తయి కారు గీత దాటగానే, అష్టాచెమ్మలో కాయ చివరి గడికి చేరినప్పుడు అనే అలవాటుగా, "నా కాయ పండింది!" అంది. చిన్ని ఆ మాట పట్టుకుంది. ఇక పందెం అయినప్పుడల్లా "పండింది, పండింది" అని అరుపులే. గేముల్లో లెవల్ అంటారే, మా ఇంట్లో దాని పేరు కాయ.

మే 12

ఇవ్వాళ ఇద్దరూ ఏడ్చారు. తప్పు నా సెట్టింగ్‌ది.

నింటెండో వాళ్ళ పేరెంటల్ కంట్రోల్స్ యాప్‌ను నా ఫోన్‌లో పెట్టుకున్నాను. రోజుకు ఇంతసేపే, టైమ్ కాగానే ఆట ఆగిపోవాలి అని పెట్టాను. సరిగ్గా ఆఖరి చుట్టులో, బంటి మొదటి స్థానంలో ఉండగా తెర ఆగిపోయింది. వాడు కంట్రోలర్ విసిరాడు. చేతికి పట్టీ కట్టి ఉండబట్టి టీవీ బతికింది.

కోపం వచ్చి రేపటి ఆట రద్దు అన్నాను. అత్తమ్మ పక్కకు పిలిచి చెప్పింది, "పండేకాయను పట్టం మీదకెళ్ళి తీస్తే ఎవ్వలకైనా కోపమొస్తది బిడ్డా." నిజమే. పిల్లలు ఏడ్చింది ఆట ఆగినందుకు కాదు, సగంలో తెగినందుకు. రద్దు వెనక్కి తీసుకున్నాను. యాప్‌లో ఆట ఆపేసేది తీసి, టైమ్ అయిందని తెర మీద గుర్తు చేసేది మాత్రం ఉంచాను. గుర్తు వచ్చాక నడుస్తున్న కాయ పండేదాకా ఆడొచ్చు, కొత్త కాయ మొదలుపెట్టొద్దు. ఈ నియమం పిల్లలే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించారు.

నోటుబుక్కులో కొత్త ప్రశ్న చేరింది: ఈ ఆటలో కాయ ఎంతసేపటికి పండుతుంది? మారియో కార్ట్‌లో ఒక పందెం రెండు మూడు నిమిషాలు. ఏప్రిల్‌లో నేను తీసేసిన ఉచిత ఆటల్లో చాలావాటికి ఈ ప్రశ్న వేస్తే జవాబే లేదు, వాటిలో ఏదీ ఎప్పటికీ పండదు. పిల్లలు ఫోన్ వదలరని మనం తిట్టే తిట్లలో సగం, వదిలే చోటు పెట్టని ఆటకు చెందాలి.

మే 15

ఒడిస్సీ. దీని మీద ఈఎస్ఆర్‌బీ గుర్తు ‘ఈ 10+’, అంటే పదేళ్ళు, ఆ పైన. చిన్నికి ఐదున్నర. రెండు రాత్రులు నేను ముందు ఆడాను. కొట్టుకోవడం ఉంది, మీదికి దూకితే పుట్టగొడుగు బొమ్మలు నలిగిపోతాయి. మా పిల్ల చూడకూడనిది నాకేమీ కనబడలేదు. నంబర్‌ను దాటి వెళ్తున్నానని తెలిసే దాటాను, పక్కన నేను ఉంటాను కాబట్టి దాటాను.

ఈ ఆటలో ఇద్దరు ఆడితే ఒకరు మారియో, అంటే ఆటలోని మీసాల హీరో, ఒకరు మారియో టోపీ. టోపీకి చావు లేదు. గాల్లో తిరుగుతుంది, నాణేలు ఏరుతుంది, శత్రువులను కొడుతుంది, దూరం పోతే మారియో తలమీదకు తిరిగి వస్తుంది. చిన్నికి టోపీ ఇచ్చాను. జలపాతాల రాజ్యంలో పెద్ద డైనోసార్ పడుకుని ఉంది. చిన్ని టోపీని విసిరింది. డైనోసార్‌కు మారియో మీసాలు వచ్చాయి. పిల్ల నవ్వి నవ్వి సోఫా మీద నుంచి జారింది. నాకూ నవ్వు ఆగలేదు. ఇద్దరం ఇలా ఒక్కదానికే నవ్వి ఎన్నాళ్ళయిందో.

అసిస్ట్ మోడ్ పెట్టాను. నేనూ కొత్తదాన్నే కాబట్టి నాకోసం. ఎటు పోవాలో బాణాలు చూపిస్తుంది, లోయలో పడితే బుడగలో పెట్టి పైకి తెస్తుంది.

మే 18

ఈ రోజు సంగతి రాయబుద్ధి కావడం లేదు, కానీ రాయాలి.

ట్యాబ్‌లో ఒక అడవి ఆట. యాడ్లు లేవు, డబ్బు పెట్టి కొన్నదే, 3+, నీళ్ళరంగుల్లో వేసినట్టు అందమైన బొమ్మలు. నేను ఇరవై నిమిషాలు ఆడి బాగుందనుకున్నాను. ముప్ఫయ్యో నిమిషంలో వాన వస్తుంది, ఉరుము ఉరుముతుంది, పిల్లనక్క తల్లి నుంచి తప్పిపోతుంది. పిల్లనక్క అరుస్తుంటే వెనక సంగీతం కూడా ఆగిపోతుంది. చిన్ని మాట్లాడలేదు, ట్యాబ్ నా ఒళ్ళో పెట్టేసి వెళ్ళిపోయింది. రాత్రి రెండింటికి లేచి వచ్చి నా చీర కొంగు పట్టుకుని పడుకుంది. "ఆ నక్కకు వాళ్ళమ్మ దొరికిందా?" అని అడిగింది.

లేచి ట్యాబ్ తీసి, ఆమె చూస్తుండగా ఆ ఆట పూర్తి చేశాను. తెల్లవారుజామున మూడున్నరకు తల్లినక్క దొరికింది. అప్పుడు నిద్రపోయింది.

నెత్తురు లేదు, తుపాకీ లేదు. ప్రశ్నపత్రంలో ఏ గడి నింపినా ఇది పట్టుబడదు. ఐదేళ్ళ పిల్లకు అన్నిటికంటే పెద్ద భయం అమ్మ కనబడకపోవడం. ఆ సంగతి నాకు తెలుసు, నంబర్ ఇచ్చేవాళ్ళకు మా చిన్ని తెలియదు. ఇకనుంచి కథ ఉన్న ఆట అయితే చివరిదాకా నేను ఆడాకే పిల్ల ముందుకు రావాలి. రెండు రాత్రులు పట్టినా సరే.

మే 21

వండర్. బంటి ఎదురుచూస్తున్న ఆట.

ఇందులో యోషీ, నాబిట్ బొమ్మలకు శత్రువులు తగిలినా ఏమీ కాదు. గుంటలో పడితే మాత్రం పోతారు. చిన్ని యోషీ, బంటి మారియో, నేను లూయిజి. వెనకటి మారియో ఆటల్లో ఒకరినొకరు తోసుకుని గుంటల్లో పడేవాళ్ళమని తమ్ముడు చెప్పాడు. ఇందులో ఒకరిలోంచి ఒకరు వెళ్ళిపోవచ్చు, తోయడం కుదరదు. అన్నాచెల్లెళ్ళు ఉన్న ఇంట్లో ఇది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పక్కర్లేదు.

అయినా గొడవ వచ్చింది. లెవల్ చివర జెండా కర్ర మీద ఎవరు ఎక్కువ ఎత్తు పట్టుకుంటే వాళ్ళకు కిరీటం. కిరీటం ఎవరి తలమీద ఉంటే తెర వాళ్ళ వెంట నడుస్తుంది. బంటికి కిరీటం రాగానే పరుగు లంకించుకున్నాడు, చిన్ని తెర బయట ఉండిపోయి దయ్యం అయింది. దయ్యం అయినవాళ్ళను కొన్ని క్షణాల్లోపు ఇంకొకరు ముట్టుకుంటే మళ్ళీ బతుకుతారు. "అన్నా, ముట్టుకో, ముట్టుకో!" అని చిన్ని అరుపు. వాడు నాణేల వెంట వెళ్ళిపోయాడు.

నేను వెంటనే కల్పించుకోలేదు. రెండు లెవల్స్ తరవాత బంటి గుంటలో పడ్డాడు, దయ్యం అయ్యాడు. చిన్ని దగ్గరలోనే ఉంది. వెళ్ళి ముట్టుకుంది. వాడు ఏమీ అనలేదు. తరవాతి జెండా దగ్గర కావాలనే కిందికి పట్టుకున్నాడు, కిరీటం చెల్లెకు పోయింది. ఇక తెర దాని నడకతోనే నడిచింది, మేమిద్దరం వెనక. ఆటలో నిదానంగా ఉండేవాళ్ళ చేతికి పగ్గం ఇస్తే అందరూ కలిసి ఉంటారు. ఇంకో ఇంట్లో ఎవరైనా ఈ ఆట పెడితే ఇది మొదటి రోజే చెప్పండి.

మే 26

మైన్‌క్రాఫ్ట్ కొన్నాను, ఇటుకలు పేర్చి ఏదైనా కట్టుకునే ఆట. ఒక్కసారి కొంటే చాలు. పెగీ 7. అకౌంట్ తెరవలేదు, కాబట్టి బయటి సర్వర్లు లేవు, తెలియనివాళ్ళతో మాటలు లేవు. ఊరికే కట్టుకోవడానికి క్రియేటివ్ మోడ్, శత్రువులు రాకుండా పీస్‌ఫుల్. రాత్రి పడినా జాంబీలు రావు. బంటి ట్యాబ్‌లో, చిన్నీ నేనూ నా ఫోన్‌లో, ఒకే వైఫైలో ఒకే లోకం.

మూడు రోజులు గుంటలు తవ్వారు, గొర్రెలకు రంగులు వేశారు. నాకు విసుగొచ్చింది, వాళ్ళకు రాలేదు. ఈ ఆటలో కాయ లేదు, పండదు. నలభై నిమిషాల నియమం రోజూ తెగుతోంది. మనమే ఒక కాయ పెట్టుకోవాలని, వేయిస్తంభాల గుడి కడదామా అన్నాను.

మే 27

పొద్దున ఆరున్నరకే గుడికి వెళ్ళాం, ఎండ ముదరకముందు. ఇంటినుంచి ఆటోలో పది నిమిషాలు. ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు గానీ, కట్టడానికి చూడడం ఇదే మొదటిసారి. బంటి నోటుబుక్కులో అడుగులు వేసి కొలిచాడు. గుడి కూర్చున్న అరుగు గుండ్రమూ కాదు, చదరమూ కాదు, నక్షత్రంలా మూలలు మూలలు. 1163లో రుద్రదేవుడు కట్టించాడు, మూడు గర్భగుళ్ళు, శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి. మధ్యలో నల్లరాతి నంది. ఎన్నో ఏళ్ళు విప్పి ఉంచిన కళ్యాణ మండపాన్ని 2024 మార్చిలో మళ్ళీ తెరిచారు కదా, స్తంభాలన్నీ దగ్గరగా చూడొచ్చు. చిన్ని ఒక్కో స్తంభాన్నీ ముట్టుకుంటూ లెక్కపెట్టి, ఇరవై దాటాక తప్పిపోయి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

సాయంత్రం పెద్ద సమస్య. మైన్‌క్రాఫ్ట్‌లో ఇటుకలన్నీ చదరాలే. గుండ్రటి స్తంభం రాదు. బంటి అరగంట గొడవపడ్డాడు, ఇది తప్పు గుడి అని. చివరికి స్తంభం మొత్తం గుండ్రంగా ఉండదని, కొంత చదరంగా, కొంత గుండ్రంగా ఉంటుందని తన కొలతల బొమ్మలోనే చూసుకున్నాడు. చదరపు భాగాలు నల్లరాయితో, గుండ్రటి భాగాలు సన్నటి ఇటుకలతో. రోజుకు మూడు స్తంభాలు. మూడు నిలబడితే కాయ పండినట్టు. ట్యాబ్ మూసేయాలి. మూస్తున్నారు.

జూన్ 2

స్క్రాచ్‌జూనియర్. అమెరికాలో టఫ్ట్స్, ఎమ్‌ఐటీ యూనివర్సిటీల వాళ్ళు కలిసి ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లల కోసం చేశారు, 2014లో వచ్చింది. ఉచితం, యాడ్లు లేవు. ఇది ఆట ఆడడం కంటే ఆట కట్టడం. రంగురంగుల ముక్కలు వరసగా పేరిస్తే పిల్లి నడుస్తుంది, ఎగురుతుంది. ముక్కల మీద అక్షరాలు లేవు, గుర్తులే. చదవడం రాని పిల్లకు ఇంతకంటే మర్యాద చేసిన యాప్ నేను చూడలేదు.

ఇందులో మైకు గుర్తు నొక్కి మన గొంతు పెట్టొచ్చు. చిన్ని నేరుగా వంటింట్లోకి పోయి, "నానమ్మా, కాకి కథ చెప్పు, జర చిన్నగ" అంది. అత్తమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి ట్యాబ్‌కు నమస్కారం పెట్టినంత భక్తిగా ఒంగి, "అనగనగా ఒక ఊర్లె ఒక కాకి ఉండె" అని చెప్పింది. ఇప్పుడు పచ్చ జెండా నొక్కితే బొమ్మ ఎగురుతుంది, అత్తమ్మ గొంతు పలుకుతుంది. ఏప్రిల్ నుంచి చూసినవాటిలో తెలుగు మాట్లాడిన ఆట ఇదొక్కటే. ఆ తెలుగు మా ఇంట్లోదే.

జూన్ 6

బంటి అడిగాడు, వాళ్ళ బళ్ళో అందరూ ఆడే తుపాకుల ఆట పెట్టమని. అందరూ అంటే నలుగురు. "నాకు ఎనిమిదేండ్లు, నేను చిన్నపిల్లగాన్ని కాదు."

వాడి ముందే వద్దు అని కొట్టిపారేయలేదు. ఇద్దరం కలిసి ప్లే స్టోర్‌లో దాని పేజీ తెరిచి చదివాం. వయసు నంబర్ వాడి వయసుకు చాలా పైన ఉంది. దాన్ని పక్కన పెట్టి నా నోటుబుక్కు ప్రశ్నలు వాణ్ణే అడగమన్నాను. పైసలు అడుగుతుందా? అడుగుతుంది, బట్టలకు, తుపాకులకు. తెలియనివాళ్ళు మాట్లాడతారా? మాట్లాడతారు. కాయ ఎంతసేపటికి పండుతుంది? వాడు కొంచెంసేపు ఆలోచించి, "నువ్వు చచ్చినంక, చిన్నమ్మా" అన్నాడు.

పెట్టనని చెప్పాను. పెద్దయ్యాక అడగొచ్చని కూడా చెప్పాను. రాత్రి కరీంనగర్‌కు ఫోన్ చేసి మా యారాలితో అంతా చెప్పాను, ఎందుకంటే అక్కడ నిర్ణయం ఆమెది, నాది కాదు. ఆమె ఫోన్‌లో పిన్ ఎలా పెట్టాలో వీడియో కాల్‌లో చూపించాను. వాడు రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. స్తంభాల పని మాత్రం మానలేదు.

జూన్ 11

బంటి పొద్దున బస్సుకు వెళ్ళిపోయాడు.

ట్యాబ్‌లో మిగిలినవి ఐదు. స్విచ్‌లో మూడు, వాటితో పాటు పిల్లలు తెరవకుండా పిన్ పెట్టిన నాలుగోది. పొకేమాన్ లాంటి డైలాగులు చదవాల్సిన ఆటలు తమ్ముడు పంపుతానన్నాడు, చిన్నికి చదవడం వచ్చాక చూద్దామన్నాను. నోటుబుక్కులో ఇంకా నలభై పేజీలు ఖాళీ.

గుడి సగమే అయింది. అరుగు పూర్తయింది, నంది పూర్తయింది. నందికి ఒక చెవి పెద్దది, అది చిన్ని కట్టింది, మార్చనివ్వలేదు. స్తంభాలు ముప్ఫై ఏడు. వెళ్ళేముందు బంటి ట్యాబ్ తెరిచి, ముప్ఫై ఎనిమిదో స్తంభం రావాల్సిన చోట ఒక ఎర్ర ఇటుక పెట్టాడు, ఎక్కడ ఆగామో మర్చిపోకుండా. "దసరాకు వస్త. అప్పటిదాక ఎవ్వలు ముట్టొద్దు" అని చెల్లెతో ఒట్టు వేయించుకున్నాడు.

సాయంత్రం చిన్ని అష్టాచెమ్మ పట్టం తీసుకుని అత్తమ్మ ముందు పరిచింది. నాలుగు గవ్వలు, ఎనిమిది చింతగింజలు. నన్ను కూడా కూర్చోమంది.